ఊరు దాటించే సైకిలు: మొదటి ముప్పై కిలోమీటర్లు

(విశాఖపట్నంలో ఒక కాలనీ గ్రంథాలయంలో, పదవీ విరమణ చేసిన ఫిజిక్స్ మాస్టారు ఒకరు ఇచ్చిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్లకి వినబడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో గాలి మోత వస్తోంది.

ముందు చిన్న లెక్క చూద్దాం. ఇంట్లో సైకిలు ఉన్నవాళ్లు చెయ్యెత్తండి. బాగానే ఉన్నారు, సగం మంది పైనే. ఇప్పుడు, ఆ సైకిలు రెండు చక్రాల్లోనూ ఈ క్షణాన గాలి ఉన్నవాళ్లు మాత్రం చెయ్యి అలాగే ఉంచండి. (నవ్వులు) నలుగురు మిగిలారు. అందులో ఒకరు మన పేపరు అబ్బాయి, ఒకరు నేను.

ఇవాళ నా మాటలన్నీ మిగతా వాళ్ల టైర్లలో లేని ఆ గాలి చుట్టూనే తిరుగుతాయి. ఏదైనా ఉపద్రవం వచ్చి ఊరు వదలాల్సి వస్తే సైకిలు పనికొస్తుందా, వస్తే ఎంతవరకు, ఎప్పుడు అసలు పనికిరాదు. ఈ మూడే.

మా అమ్మ చెప్పిన కథతో మొదలుపెడతాను. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన హార్బరు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీదా వేశాయి. పడ్డ బాంబుల కంటే పుట్టిన భయం పెద్దది. జనం ఇళ్లకు తాళాలు వేసి పల్లెలకు పోయారు. మా తాతయ్య గుమాస్తా. స్టేషనుకి వెళ్లి చూసొచ్చాట్ట, రైల్లో కాలు పెట్టే చోటు లేదని. ఎడ్లబండి వాళ్లు మామూలు బాడుగకి నాలుగింతలు అడిగారట. ఆయనకు ఒక పాత హంబర్ సైకిలు ఉండేది. ఇంట్లో ఆయన, అమ్మమ్మ, ఆరేళ్ల మా అమ్మ, మూడేళ్ల పిన్ని. వెళ్లాల్సింది కొత్తవలస అవతల అమ్మమ్మ పుట్టింటికి.

చిన్నప్పుడు నేను అడిగేవాణ్ణి, తాతయ్య అంత దూరం అందర్నీ ఎక్కించుకుని తొక్కాడా అని. అమ్మ నవ్వేది. "తొక్కడమేమిట్రా, ఆయన ఒక్క గజం కూడా తొక్కలేదు. తోసుకుంటూ వచ్చాడు." క్యారియర్ మీద బియ్యం మూట, హ్యాండిలుకి ఇత్తడి బిందె, ఫ్రేము మీద మడత పెట్టిన బొంత, ఆ బొంత మీద పిన్ని. మా అమ్మ ఓపిక ఉన్నంతసేపు నడిచేది, ఓపిక అయిపోయాక పిన్నిని దింపి తను ఎక్కేది. ఒక రాత్రి పెందుర్తిలో పడుకుని మర్నాడు మధ్యాహ్నానికి చేరారు. సైకిలు లేకపోతే ఆ మూట ఆయన నెత్తిన, పిన్ని అమ్మమ్మ చంకన ఉండేవి. అలా పెందుర్తి కూడా చేరేవాళ్లు కాదేమో.

అత్యవసరంలో సైకిలు అనగానే మన కళ్ల ముందు హెల్మెట్ పెట్టుకుని వంగి దూసుకుపోయే కుర్రాడు కనిపిస్తాడు. ఆ బొమ్మ తీసేయండి. మా తాతయ్యని పెట్టుకోండి. తొక్కగలిగిన చోట తొక్కడం, తొక్కలేని చోట దిగి తోయడం, తోయలేని చోట భుజాన వేసుకోవడం. ఇంకే బండితోనూ ఈ మూడూ కుదరవు.

అయితే కారు, మోటారు సైకిలు ఉండగా సైకిలు ఎందుకు? ఇది న్యాయమైన ప్రశ్నే. రోడ్డు ఖాళీగా ఉండి, ట్యాంకు నిండుగా ఉంటే కారే ఎక్కండి, నేనూ ఎక్కుతాను. కానీ అందరూ ఒకేసారి అదే పని చేస్తే ఏమవుతుందో చూశాం కదా.

2005 సెప్టెంబరులో అమెరికాలో హ్యూస్టన్ మీదికి రీటా తుఫాను వస్తోందన్నారు. అంతకు కొద్ది వారాల ముందే కత్రినా న్యూ ఆర్లీన్స్‌ని ముంచింది, ఆ భయం తాజాగా ఉంది. లక్షల కార్లు ఒకేసారి రోడ్డెక్కాయి. వంద మైళ్ల పొడవున ట్రాఫిక్ ఆగిపోయింది. ఎండలో ఇంజన్లు వేడెక్కాయి, పెట్రోలు అయిపోయిన కార్లు దారికి అడ్డంగా నిలబడ్డాయి. వృద్ధాశ్రమం నుంచి పెద్దవాళ్లను తీసుకెళ్తున్న బస్సు ఒకటి తగలబడింది. ఆ తుఫానుకి పోయిన వందకు పైగా ప్రాణాల్లో ఎక్కువ భాగం గాలికో వానకో పోలేదు, ఊరు ఖాళీ చేసే హడావిడిలో పోయాయి. అంత వెడల్పు రోడ్లున్న ఊళ్లో పరిస్థితి అది. మన ఎన్.ఏ.డి. జంక్షను మామూలు సోమవారం పొద్దున్నే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మన హుద్‌హుద్ తుఫాను గుర్తు చేసుకోండి. 2014 అక్టోబరు 12, ఆదివారం. మర్నాడు పొద్దున నేను మర్రిపాలెం నుంచి మా చెల్లి వాళ్లింటికి, ఎం.వి.పి. కాలనీకి బయలుదేరాను. ఫోన్లు లేవు, బతికున్నారో లేదో తెలియదు. స్కూటర్ తీస్తే మా సందు చివరే చెట్టు. దాన్ని అక్కడే వదిలేసి సైకిలు తీశాను. దారిలో ఎన్ని చెట్లు దాటానో లెక్క పెట్టలేదు గానీ, ప్రతిచోటా ఒకటే పని: దిగడం, భుజాన వేసుకోవడం, కొమ్మల మీంచి దాటడం, మళ్లీ ఎక్కడం. మామూలు రోజున నలభై నిమిషాల దారి, ఆ రోజు రెండు గంటలు పైన పట్టింది. కానీ చేరాను. కరెంటు లేక బంకులు పనిచెయ్యలేదు, పనిచేసిన బంకు ముందు సీసాలు పట్టుకుని జనం క్యూ. సైకిలు వాడికి ఆ క్యూతో పని లేదు. వాడి పెట్రోలు అటుకులూ బెల్లమూ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చాలామంది అడిగే ప్రశ్న: "మాస్టారూ, సైకిలు మీద ఎంత దూరం పోగలం?" నేను తిరిగి అడిగేది: ఎంత దూరం పోవాలి?

సాధారణంగా ఆపదకు ఒక వలయం ఉంటుంది. గ్యాసు లీకైతే కొన్ని కిలోమీటర్లు. అల్లర్లయితే కొన్ని పేటలు. తుఫాను ఉప్పెన అయితే తీరం వెంట పల్లపు పట్టీ. ఆ వలయం లోపల బస్సు తిరగదు, ఆటో దొరకదు, రోడ్డు కదలదు. వలయం దాటగానే బస్సు ఉంటుంది, హోటలు ఉంటుంది, ఫోను సిగ్నలు ఉంటుంది. సైకిలు పని మిమ్మల్ని హైదరాబాదు చేర్చడం కాదు. పనిచేసే బస్సు దాకా చేర్చడం. పాతిక కిలోమీటర్లు, మహా అయితే ముప్పై. అవే మొదటి ముప్పై కిలోమీటర్లు, అవే కష్టమైనవి.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పారిస్. 1940 జూన్‌లో జర్మన్ సైన్యం ఊరి మీదికి వస్తోంది. హాన్స్ రే, మార్గరెట్ రే అని భార్యాభర్తలు, యూదులు. పిల్లల పుస్తకాలు రాసి బొమ్మలు వేసుకునేవాళ్లు. తరువాత అమెరికాలో ఒక అల్లరి కోతిపిల్ల కథలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. వాళ్లకి కారు లేదు, రైళ్లు నిండిపోయాయి. సైకిళ్ల కోసం తిరిగితే దుకాణాల్లో సైకిళ్లూ లేవు. చివరికి హాన్స్ విడిభాగాలు కొని తనే రెండు సైకిళ్లు బిగించాడు. జూన్ 12న తెల్లవారుజామున వానలో బయలుదేరారు. వెంట తీసుకెళ్లింది కొద్దిపాటి సామాను, రాతప్రతులు, కోటు, కాస్త రొట్టె. రెండు రోజులకి, 14న, జర్మన్లు పారిస్‌లో అడుగుపెట్టారు.

మనం గమనించాల్సింది ఆ తరువాతిది. వాళ్లు సైకిళ్ల మీద పోర్చుగల్ దాకా పోలేదు. తొలిరోజు యాభై కిలోమీటర్లకు కొంచెం అటూఇటూగా తొక్కి ఎతాంప్ అనే ఊరు చేరారు. ఒక రాత్రి రైతు ఇంట్లో, ఇంకో రాత్రి పశువుల పాకలో పడుకున్నారు. ఓర్లియాన్స్ దగ్గర రైలు దొరికింది, ఎక్కేశారు. అక్కణ్ణించి స్పెయిన్, లిస్బన్, బ్రెజిల్, చివరికి న్యూయార్క్. అంత పెద్ద ప్రయాణంలో సైకిలు వాటా రెండు మూడు రోజులు. కానీ ఆ రెండు మూడు రోజులు దాటకపోతే మిగతాది లేదు.

ఇక్కడొక ముక్క. హాన్స్‌కి సైకిలు బిగించడం వచ్చు కాబట్టి సరిపోయింది. మనలో ఎంతమందికి ఊడిన చైను ఎక్కించడం వచ్చు? సరే, చెయ్యెత్తమని అడగనులెండి.

వలయానికి అంచే లేకపోతే ఏమవుతుంది? అదీ చూశాం. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ అన్నారు. దేశమంతా ఒకటే వలయం అయిపోయింది. ఎక్కడికి పోయినా బస్సు లేదు, రైలు లేదు. చెన్నైలో పనిచేసే ఒడిశా, బెంగాలు, బీహారు కుర్రాళ్లు సైకిళ్లు కొనుక్కుని పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని మన ఊరి మీదుగానే పోయారు. హైదరాబాదులో ఉన్నవాళ్లు మేడ్చల్, నిజామాబాద్ వైపు, నాగపూరు దారి. మే నెలలో బీహారు అమ్మాయి ఒకతె, పదిహేనేళ్లది, దెబ్బ తగిలిన తండ్రిని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా పన్నెండు వందల కిలోమీటర్లు వెళ్లింది. పేపర్లన్నీ ఆ అమ్మాయిని మెచ్చుకున్నాయి. నాకు మాత్రం సిగ్గేసింది. అది సైకిలు ఘనత కింద రాసుకోవాల్సింది కాదు. మిగతా దార్లన్నీ మూసేసిన మనందరి అపకీర్తి.

అయినా ఆ కుర్రాళ్ల దగ్గర నేను పాఠం నేర్చుకున్నాను. ఆనందపురం దగ్గర చెట్టు కింద కొందరు ఆగితే నీళ్లు, పులిహోర పట్టుకెళ్లాం. వాళ్ల సైకిళ్లు చూశాను. అన్నీ మామూలు నల్ల సైకిళ్లే, గేర్లు లేవు. బరువంతా పాత ట్యూబు ముక్కలతో కట్టేశారు, తాడు ఒక్కటీ లేదు. తాడు సడలుతుంది, ట్యూబు సాగి పట్టుకుంటుంది. రాత్రి మూడింటికి లేచి తొమ్మిదిన్నర, పది దాకా తొక్కుతారు. ఆ తరువాత నీడ. మళ్లీ సాయంత్రం నాలుగున్నరకి. అయిదుగురికి కలిపి ఒక పంపు, ఒక పంచరు సామాను డబ్బా. ఎవడి సైకిలు ఆగినా అయిదుగురూ ఆగుతారు. నేను ఒకతన్ని హిందీలో అడిగాను, రోజుకి ఎంత పోతున్నారని. అతను కిలోమీటర్లు చెప్పలేదు. "ఈయన ఎంత పోతే అంత" అని గుంపులో పెద్దాయన్ని చూపించాడు.

ఇప్పుడు సైకిలు ఎప్పుడు పనికిరాదో చెప్పాలి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మన ఊరు అలాంటిది. మన చుట్టూ పెద్ద పెద్ద ట్యాంకులున్నాయి. 1997 సెప్టెంబరులో రిఫైనరీ మంటలప్పుడు ఊరు ఊరంతా ఎలా పరిగెత్తిందో ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున మన వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ అనే రసాయనం గ్యాసుగా బయటికి వచ్చింది. పన్నెండు మంది పోయారు. నిద్రలోంచి లేచి బయటికి పరిగెత్తి, బళ్ల మీద పోతూ స్పృహ తప్పి, కాలవల్లో పడ్డవాళ్ల వీడియోలు మీరూ చూశారు. దీంట్లో ఫిజిక్స్ చెప్పనివ్వండి, అలవాటు పోదు కదా. గాలి సగటు అణుభారం 29. స్టైరీన్‌ది 104. అంటే ఆ ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు. అది పైకి లేవదు, నేల పట్టుకుని పల్లం వైపు పాకుతుంది. అమోనియా అయితే గాలికంటే తేలిక, కానీ ట్యాంకులోంచి బాగా చల్లగా బయటికి వచ్చినప్పుడు అది కూడా మొదట నేలనే పట్టుకుంటుంది.

ఇంకొకటి, కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. సైకిలు గట్టిగా తొక్కితే నలభై లీటర్లు దాటుతుంది. అంటే విషం ఉన్న గాలిలో సైకిలు తొక్కేవాడు, కూర్చున్నవాడి కంటే అయిదారు రెట్లు విషం పీలుస్తాడు. 1984లో భోపాల్‌లో జరిగిందదే. పరిగెత్తినవాళ్లు ఎక్కువ పీల్చారు. అందుకని వాసన మీ దాకా వచ్చేసి, కళ్లు మండుతున్నాయంటే సైకిలు మాట మరిచిపోండి. అధికారులు ఇంట్లోనే ఉండమంటే తలుపులు, కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కి, ఏసీ ఆపేసి, బరువైన గ్యాసైతే పై అంతస్తుకి వెళ్లాలి. వెళ్లిపొమ్మంటే ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని గాలి వాటానికి అడ్డంగా నడవాలి. గాలి ఎటు వీస్తోందో అటే పరిగెత్తితే గ్యాసూ మీ వెంటే వస్తుంది. ఎటు వీస్తోందో ఎలా తెలుస్తుంది అంటారా? గుడి మీద జెండా చూడండి, ఆరేసిన బట్టలు చూడండి.

మరి గ్యాసు విషయంలో సైకిలు అసలు ఉపయోగమే లేదా? ఉంది, రెండో వరస వాళ్లకి, అంటే గ్యాసు ఇంకా తమ దాకా రానివాళ్లకి. వెంకటాపురం గ్యాసు రోజు రాత్రి మళ్లీ లీకయిందని మాట పుట్టింది గుర్తుందా? అర్ధరాత్రి మా వీధి వీధంతా లేచింది. మాకు ఏ వాసనా లేదు. కానీ ఎవరు ఆగుతారు? కార్లు, ఆటోలు, ఒక్కో మోటారు సైకిలు మీద నలుగురు. మెయిన్ రోడ్డు మీద హారన్లు తప్ప కదలిక లేదు. మా ఆవిడ నేను చెరో సైకిలు తీసి లోపలి సందుల్లోంచి, రైలు పట్టాల పక్కనుంచి, ఒకచోట మెట్ల వంతెన మీంచి మోసుకుని, గాలికి అడ్డదారిన ఊరి అవతల మా స్నేహితుడింటికి చేరాం. పొద్దున టీ తాగుతుంటే మా పక్కింటి వాళ్లు ఫోను చేశారు, ఇంకా కారులోనే ఉన్నామని. (నవ్వులు) నవ్వకండి, కారులో చంటిబిడ్డ కూడా ఉంది.

సైకిలు పనికిరాని సందర్భాలు ఇంకో రెండున్నాయి, తొందరగా చెప్పేస్తాను. గాలి. తుఫాను గాలి మొదలయ్యాక సైకిలు ఎక్కకూడదు, అంతే. పడిపోవడం ఒకెత్తు, ఎగిరొచ్చే రేకు ఇంకొకెత్తు. వాతావరణ శాఖ ఇప్పుడు రోజుల ముందే చెబుతోంది, పోవాలనుకుంటే ముందు రోజే పోవాలి. నీళ్లు. పారే నీళ్లలో సైకిలు దింపకండి. మోకాలి లోతు కూడా అక్కర్లేదు, అంతకు తక్కువ నీళ్లే మనిషిని పడేస్తాయి. పైగా నీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోలు ఎక్కడుందో మీకు తెలియదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కడ పనికొచ్చినవి పడవలు, ట్రాక్టర్లు.

ఇక సైకిలు సంగతి. ఏ సైకిలు మంచిది అని అడిగితే, ఇంట్లో ఉన్నదే. కొత్తది కొనాల్సిన పని లేదు. అపార్టుమెంటు సెల్లారులో దుమ్ము పట్టిన గేరు సైకిలైనా సరే, పాత నల్లదైనా సరే. నల్లదానికి క్యారియర్, మడ్‌గార్డు, స్టాండు ఉంటాయి కాబట్టి బరువు మొయ్యడానికి అదే మేలు. గేరు సైకిలుకి క్యారియర్ వేయించుకోండి, అది లేకపోతే సామానంతా మీ వీపు మీదికి వస్తుంది. వీపు మీద సంచితో గంట తొక్కి చూడండి, మీకే తెలుస్తుంది.

వాల్వు చూసుకోండి. పాత సైకిళ్ల వాల్వులో చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. వాల్వు ట్యూబు అంటారు. వాడినా వాడకపోయినా అది ఎండి చీలిపోతుంది. టైరు మంచిదే, ట్యూబు మంచిదే, గాలి మాత్రం నిలవదు. మీరు పంచరు అనుకుంటారు. గోరంత రబ్బరు ముక్క వల్ల ఊళ్లో చిక్కుకుపోకండి. రెండు ముక్కలు సీటు కింద సంచిలో పడేయండి. గేరు సైకిళ్లలో చాలావాటికి మోటారు సైకిలు తరహా వాల్వు ఉంటుంది, దానికి పంపు తల వేరు. మీ పంపు మీ వాల్వుకి పడుతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

సీటు ఎత్తు. మనలో నూటికి తొంభై మంది సీటు మరీ కిందికి పెట్టుకుంటారు, అందుకే పది నిమిషాలకే మోకాళ్లు నొప్పి. గోడ పట్టుకుని కూర్చోండి, మడమని పెడలు మీద పెట్టండి, పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు ముందు పాదం పెడతాం కాబట్టి కొద్దిగా వంపు మిగులుతుంది. అది సరైన ఎత్తు. ఈ ఒక్క మార్పుతో మీ దూరం బాగా పెరుగుతుంది.

బరువు దగ్గర మళ్లీ మా తాతయ్య. క్యారియర్ మీద తొక్కుతూ పోవడానికి పదిహేను, ఇరవై కిలోలు చాలు. తోసుకుంటూ అయితే దానికి ఎన్నో రెట్లు. జార్ఖండ్‌లో బొగ్గు అమ్ముకునేవాళ్లు ఒక్కో సైకిలు మీద రెండు వందల కిలోల పైన తోసుకుపోతారు. 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ యుద్ధానికి కొండల మీంచి బియ్యం, మందుగుండు చేరవేయడంలో అలా తోసిన సైకిళ్లది పెద్ద చెయ్యి. వాళ్లొక ఉపాయం చేశారు. హ్యాండిలుకి ఒక పొడుగు వెదురు కర్ర కట్టారు, సీటు గొట్టంలో ఇంకో కర్ర దిగ్గొట్టారు. మనిషి సైకిలు పక్కన నిటారుగా నడుస్తూ ఒక చేత్తో తిప్పొచ్చు, ఇంకో చేత్తో తోయొచ్చు. మన చీపురు కర్ర, ట్యూబు ముక్కతో అది అయిదు నిమిషాల పని. బరువు మాత్రం కిందికి ఉండాలి. నీళ్ల క్యాన్లు రెండు పక్కలా వేలాడేలా కట్టండి, క్యారియర్ మీద ఎత్తుగా పేర్చకండి.

ఏం పట్టుకెళ్లాలో మీకు తెలుసు, నేను జాబితా చదవను. రెండు మాటలే: బీపీ, షుగరు మాత్రలు పది రోజులవి, చిల్లర నోట్లు. టవరు పడిపోతే ఫోను పే లేదు, గూగుల్ పే లేదు. ఇంకొకటి మరిచాను, ఆడవాళ్లు చున్నీ, పమిట గట్టిగా దోపుకోండి. చక్రంలో చుట్టుకుంటే చాలా ఘోరం.

మన ఊరి దారులు. తూర్పున సముద్రం కాబట్టి పోవాల్సింది ఉత్తరానికో పడమటికో. భీమిలి బీచి రోడ్డు ఆదివారం పొద్దున్న ఎంత బాగున్నా, తుఫాను హెచ్చరిక ఉంటే అటు తిరక్కండి. తగరపువలస, విజయనగరం వైపు, పెందుర్తి మీదుగా కొత్తవలస వైపు, సబ్బవరం వైపు, అనకాపల్లి వైపు. హనుమంతవాక నుంచి ముడసర్లోవ మీదుగా అడవివరం పోయే దారిలో ఎక్కుడుంది, బరువుంటే దిగి తోసుకోవాలి. వేసవిలో, వానాకాలంలో మన గాలి ఎక్కువగా నైరుతి నుంచి. అంటే విజయనగరం వైపు పోతే గాలి వీపు తడుతుంది, అనకాపల్లి వైపు పోతే ఛాతీ మీద తంతుంది. రెండిట్లో ఏదైనా ఫరవాలేదన్నప్పుడు గాలి పోయే దారే పట్టండి. కానీ గ్యాసు అయితే ఈ సలహా చెల్లదు, ఇందాక చెప్పింది మరిచిపోకండి.

ప్రశ్నలుంటే అడగండి. చెప్పండమ్మా.

(ఒక శ్రోత: మాస్టారూ, మా అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఎక్కలేరు, నడవలేరు. సైకిలుంటే మాత్రం మేమేం చేస్తాం?)

మంచి ప్రశ్న అమ్మా. ఇందాక నేను తప్పించుకున్న ప్రశ్న కూడా ఇదే. నిజం చెప్పాలంటే, ఆవిడకి సైకిలు పనికిరాదు. పడుకోబెట్టాల్సిన మనిషిని, ఆక్సిజన్ మీదున్న మనిషిని సైకిలు తీసుకెళ్లలేదు. వాళ్లకి వాహనం కావాలి. కానీ ఇలా ఆలోచించండి. మన వీధిలో ఎనభై ఇళ్లు. అందులో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లు సైకిళ్ల మీద పోతే రోడ్డు మీద ముప్పై కార్లు తగ్గుతాయి. ఆ ఖాళీలోంచి మీ అత్తగారి ఆటో కదులుతుంది. నా సైకిలు నా ఒక్కడి కోసం కాదు, ఆవిడ దారి కోసం కూడా. ఇంకో మాట, రిక్షా తొక్కేవాళ్లు, చెత్త సేకరించే మూడు చక్రాల బండి వాళ్లు మన పేటలో ఉన్నారు. దాని మీద ఒక పరుపు వేస్తే పెద్దావిడ హాయిగా కూర్చుంటారు. వాళ్ల ఫోను నంబరు మీ దగ్గర ఉందా? వాళ్ల పేరైనా తెలుసా? రేపే కనుక్కోండి.

(ఇంకొక శ్రోత: పిల్లల్ని ఏం చెయ్యాలండి? మా వాడికి తొమ్మిదేళ్లు.)

వాడి సైకిలు వాడిది. వాడే ముందు ఉండాలి, మీరు వెనక. తొమ్మిదేళ్లవాడు మంచి రోడ్డు మీద గంటకి తొమ్మిది, పది కిలోమీటర్లు తొక్కుతాడు, రెండో గంటకి ఏడుస్తాడు. అప్పుడు వాడి సైకిలు చెట్టుకి ఆనించి వదిలేసి వాణ్ణి మీ క్యారియర్ మీద ఎక్కించుకోండి. సైకిలు పోయిందని బాధపడకండి. కాళ్లు చక్రంలో పెట్టకుండా మాత్రం అటూఇటూ అడ్డం కట్టండి, క్యారియర్ మీద పిల్లలకి జరిగే దెబ్బల్లో ఎక్కువ అదే. ఇవన్నీ ఆ రోజే మొదటిసారి చేస్తే కుదరదు. ఒక ఆదివారం వాణ్ణి తీసుకుని పెందుర్తి దాకా వెళ్లి రండి. అక్కడ ఇడ్లీ తినిపించండి. దారి వాడికి గుర్తుండిపోతుంది.

ఇంకెవరైనా? అయిదు నిమిషాల్లో గ్రంథాలయం మూసేస్తారట. బయట మెట్ల దగ్గర నా సైకిలు ఉంది. పక్కనే పంపు, ఒక డబ్బాలో వాల్వు ట్యూబులు కూడా పెట్టాను, కావాల్సినవాళ్లు రెండేసి తీసుకోండి, డబ్బులక్కర్లేదు. చైను ఎక్కించడం రానివాళ్లు ఒక్క నిమిషం ఆగండి, నా సైకిలు చైను ఊడదీస్తాను, ఒక్కొక్కరూ ఎక్కించి చేతులు కడుక్కుని వెళ్లండి. సబ్బు తెచ్చాను.